ఒరిగిన పరమాణువుకు వందనం

ఓ టైటానియం పరమాణువా, నడిమధ్యన నిలవలేని నీకు వందనం. చుట్టూ ఆరు ఆక్సిజన్లు, మూలమూలనా సీసం. లెడ్ టైటనేట్ స్ఫటికంలోని ఆ గూటిలో నువ్వు పక్కకు ఒరిగేది ముప్పై పికోమీటర్లకు అటూ ఇటూగా. మీటరులో లక్ష కోట్లవ వంతు ఒక పికోమీటరు! అంత చిన్న ఒరుగుకే ధనావేశం ఒక వైపు, ఋణావేశం ఇంకో వైపు తేలుతుంది. నీ పొరుగువాడూ అటే, వాడి పొరుగువాడూ అటే, గాలికి వాలిన వరిచేనులా. విద్యుత్ క్షేత్రం దిశ మారిస్తే చేనంతా ఇటు తిరుగుతుంది. సుమారు 490 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ వాలే మాయమవుతుంది.

1920లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వాలసెక్ రోషెల్ ఉప్పులో, క్షేత్రంతో దిశ మార్చే ఈ గుణాన్ని పట్టుకున్నాడు. ఆయనకు కనిపించింది గ్రాఫు మీది మెలిక మాత్రమే. పరమాణువు ఎటు ఒరిగిందో చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కటకాలకు పుట్టుకతో ఉన్న దోషం పోవాలి. దాన్ని సరిదిద్ది 1998లో హైడర్, రోజ్, ఉర్బాన్ లోకానికి చూపించారు.

ఓ ఎలక్ట్రాన్ పుంజమా, నీకూ వందనం. పలచగా చెక్కిన స్ఫటికం గుండా వరుస వరుసనూ తడుముతూ సాగుతావు. బరువైన సీసం ధగధగా వెలుగుతుంది, టైటానియం మసకగా మినుకుతుంది, ఆక్సిజన్ దాదాపు కనబడదు. నువ్వు ఆవేశాన్ని చూపవు, స్థానాలనే చూపుతావు. నాలుగు సీసం పరమాణువుల నడుమ టైటానియం ఎంత తప్పుకుందో కొలిచి, బాణం గీసేది మనిషే. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ప్రియమైనది ఆ కొలత.

2016లో బర్క్‌లీలో రామమూర్తి రమేశ్ బృందం లెడ్ టైటనేట్, స్ట్రాన్షియం టైటనేట్ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి ఆ బాణాలు గీసింది. స్ట్రాన్షియం పొరకు తనదైన ఒరుగు లేదు. బాణాలు నేరుగా పోయి సరిహద్దును గుద్దుకుంటే అక్కడ ఆవేశం పేరుకుంటుంది, దానికి స్ఫటికం ఒప్పుకోదు. అందుకే ఆ బాణాలు చూపే ధ్రువత వంగింది, వంగి వంగి సుడి తిరిగింది! నాలుగైదు నానోమీటర్ల సుడులు, ఒకటి కుడికి, పక్కది ఎడమకు, బారులు తీరి. 2019లో అలాంటి పొరల్లోనే స్కిర్మియాన్లు అనే ముడులూ బయటపడ్డాయి.

భౌతికశాస్త్రం చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ పుస్తకంలో టైటానియాన్ని సరిగ్గా నడిమధ్యన గీసి ఉంటే ఆ బొమ్మ దగ్గరే ఆగిపోకండి. 2016 నాటి ఆ బాణాల పటాన్ని వెతికి, ఒక్కో బాణాన్నీ వేలితో అనుసరిస్తూ చూడండి.