సానిశబ్దము – నిందార్థము

శబ్దములు స్వతః పూజ్యములుఁ గావు, నింద్యములుఁ గావు. లోకవ్యవహారమే వానికి గౌరవలాఘవములను గల్పించును. ఈసంగతి మఱచి నేఁటియర్థముతోఁ బ్రాచీనశాసనములను జదువుట ప్రమాదహేతువు.

కంపుశబ్ద మొకప్పుడు గంధమాత్రవాచకము. కర్ణాటభాషలో నేఁటికిని సుగంధమునే తెలుపుచున్నది. తెలుఁగున మాత్రము మంచిగంధమునకుఁ దావి, పరిమళము మొదలగు పదములు నిలువఁగా, కంపునకు దుర్గంధమే మిగిలెను. కైంకర్యమనఁగా భగవత్సేవ. దేవునిసొమ్ము మ్రింగుటకును ఆపేరే పరిహాసముగాఁ జెల్లి, నేఁ డపహరణార్థమున వినఁబడుచున్నది. వేదాధ్యయనపరుఁడగు ఛాందసుఁడు లోకజ్ఞానము లేనివాఁడయ్యెను.

సానిశబ్దముగతి వీనివలెఁ దేలికగాఁ జెప్పి విడువఁదగినది గాదు. ఇది స్వామినీశబ్దభవము, ఏలిక యగు స్త్రీ యని యర్థము. కాకతీయులకాలపు శాసనములలోఁ బ్రభుకులస్త్రీలపేళ్లచివర గౌరవార్థముగాఁ గానవచ్చును. రెడ్డిరాజగు అనవేముని సోదరిపేరు వేమసాని. ఆలయములందు సేవచేయు స్త్రీలును ఆకాలమున గుడిసానులనఁబడిరి. వారి సమూహమునకు సానిమున్నూఱను పేరు గలదు. దేవరకుఁ దామే దానము లొసఁగిన సానులును శాసనములయందుఁ గలరు. రాచకూఁతునకును గుడిసేవకురాలికిని ఒక్క గౌరవపదమే చెల్లినదన్నమాట. పిదప ఆవృత్తికి ఆదరము తగ్గినకొలఁదిఁ బేరును దిగజాఱి, తుదకు వేశ్యాపర్యాయమయ్యెను. బాలికలను దేవాలయములకు సమర్పించు నాచారమును 1947వ సంవత్సరపు మద్రాసుచట్టము నిషేధించినను, శబ్దమున కంటిన మాలిన్యము పోలేదు. దొరసాని యను సమాసమున మాత్రము పూర్వగౌరవము నిలిచియున్నది.

ఇందుఁ బరిశీలింపవలసిన దొకటి గలదు. స్వామిశబ్దము నేఁటికిని దేవునకును యతికిని జెల్లుచుండఁగా, స్త్రీవాచకమగు స్వామినీశబ్దమునుండి పుట్టినపదమే పతనమందెను. దుఃఖితయగు విధవ పేరు వెధవయై పురుషులను సైతము దిట్టుటకుఁ బనికివచ్చుట యిట్టిదే. కంపు, కైంకర్యములయందుఁ జెడినది పదార్థము మాత్రమే. సాని, విధవాశబ్దములయందు స్త్రీజనముపై లోకమునకుఁ గల తూష్ణీభావమును నిందయు ముద్రితములైనవి. దోషము శబ్దమునది గాదు, ప్రయోక్తలది.

కాఁబట్టి నిఘంటువు లర్థములను గాలక్రమమునఁ జూపవలయును. నిందార్థము మొదటఁ జూపి పూర్వార్థమును దుదకుఁ ద్రోయుట చరిత్రమును దలక్రిందు సేయుటయే. బడిలో శాసనపాఠము చెప్పు పండితులు వేమసానిపేరు వచ్చినచోట, విద్యార్థులు నవ్వకమునుపే, సాని యనఁగా స్వామిని యని తెలుపవలయును. లేనిచో 600 ఏండ్లకుఁ బైఁబడిన గౌరవనామము నేఁటి పఠితలనోట నిందయై మాఱుమ్రోఁగును.