గొంతునకు తెలియని సంగతి

"ధైర్యంగా ఉండు" అని చెప్పని బంధువు నాకు లేడు. ఆ మాట విని ధైర్యము తెచ్చుకొనగలిగిన దినమును లేదు. ఎనిమిదవ తరగతిలో నల్లబల్ల ముందు నిలిచి లెక్క తప్పినందుకు మాస్టారు నవ్వగా, వారిని చూచి తరగతి యంతయు నవ్విన నాటి నుండి, నలుగురి యెదుట నోరు విప్పవలసి వచ్చినపుడెల్ల నా గొంతు ఎండిపోవుచుండెను. నడివయస్సు వచ్చిన పిమ్మట, ఆ మాస్టారు లేరనియు, ఆ బడియే లేదనియు బుద్ధికి తెలిసినను గొంతునకు తెలియలేదు.

ఆ గొంతు కొరకే ఒక మానసిక చికిత్సకుని యొద్దకు 14 నెలలు పోయితిని. ఆయన హితబోధ చేయలేదు. ఆనాటి సంగతి చెప్పుచుండగా ఒకనాడు మాట తడబడి, సంవత్సరము తప్పు చెప్పి, అలవాటు చొప్పున ఆయన ముఖము వంక చూచితిని. ఆయన నవ్వలేదు, దిద్దలేదు. మంచినీళ్ల గ్లాసును నా వైపు కొంచెము జరిపి, నాకు మరల మాట దొరకు వరకు ఊరక వేచియుండిరి. గ్లాసు పట్టిన చేయి వణకుచుండగానే, రావలసిన నవ్వు రాలేదన్న సంగతి నా ఒంటికి తెలిసినది.

పూర్వము భరింపలేకపోయిన ఘట్టమును అంతకంటె అనుకూలమైన పరిస్థితులలో రోగి మరల అనుభవింపవలెననియు, కారణము తెలిసికొన్నంత మాత్రమున చాలదనియు 1946లోనే ఫ్రాంజ్ అలెగ్జాండర్, థామస్ ఫ్రెంచ్ అను మనోవిశ్లేషకులు వ్రాసియుండిరి. 2000లో కరీం నాదర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ ఎలుకలపై చేసిన ప్రయోగములో, స్థిరపడిన భయస్మృతి సైతము మేల్కొన్నపుడు కొంతసేపు మార్పునకు లోనగుననియు, అది తిరిగి కుదురుకొనుటకు మెదడులో క్రొత్తగా ప్రోటీన్లు తయారు కావలెననియు తేలినది. వారు వాడినది ఔషధము. ఎలుక వేరు, మనిషి వేరు. కావున దీనితో మా గదిలో జరిగినది రుజువైనదని నేననను. అయినను, భయము నిద్రించుచున్నపుడు చెప్పిన ధైర్యవచనము దాని చెవిని పడదని మాత్రము నమ్ముచున్నాను.

ఒక్క దినముతో తీరలేదు. పావ్‌లోవ్ కుక్కలలో ఆరిపోయిన స్పందన కొంత విరామము పిమ్మట తనంత తానే తిరిగి వచ్చినట్లు, మూడు నెలలకు నా గొంతు మరల ఎండినది. మరల ఆ కుర్చీలో కూర్చుంటిని, మరల తడబడితిని, ఆయన మరల వేచియుండిరి.

మొన్న మాఘమాసమున మేనకోడలి పెండ్లిలో వియ్యాలవారి యెదుట నాలుగు మాటలు చెప్పితిని. నడుమ పెండ్లికుమారుని తాతగారి పేరు తప్పినది. దిద్దుకొని, మిగిలినది చెప్పి కూర్చుంటిని.