ఏ రాగమని అడగకండి

"మా అమ్మాయి ఎప్పుడూ దిగులుగా ఉంటోందండీ, ఏ రాగం వింటే మంచిది?" సంగీతం నేర్పే నన్ను ఈమధ్య తల్లిదండ్రులు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ఇంటర్, నీట్, జేఈఈ చదువుల్లో పడి పిల్లలు వాడిపోతుంటే చూడలేక అడుగుతారు. ఆ ప్రశ్న వెనకున్న భయం నాకు అర్థమవుతుంది. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క చెబుతోంది.

ఫలానా జబ్బుకు ఫలానా రాగమని రాసిచ్చే చీటీ సంగీతంలో లేదు. నీలాంబరి రాగానికి పసిపిల్లలు నిద్రపోతారని తరతరాలుగా నమ్ముతున్నాం. అమ్మమ్మను ఈమధ్యే పోగొట్టుకున్న పిల్లకు అదే నీలాంబరి కన్నీళ్లు తెప్పించవచ్చు. పాట ఎవరికి ఏం చేస్తుందన్నది వారి జ్ఞాపకాలను బట్టి, ఆ పూట మనసును బట్టి, ఆ పాటతో వాళ్లు ఏం చేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

సంగీతం మెదడును కదిలిస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. కెనడాలోని మాంట్రియల్‌లో యాన్ బ్లడ్, రాబర్ట్ జటోరే అనే శాస్త్రవేత్తలు, తమకు ఇష్టమైన సంగీతం వింటూ ఒళ్లు గగుర్పొడిచిన శ్రోతల మెదళ్లను స్కాన్ చేసి 2001లో ఫలితాలు ప్రకటించారు. తిండి వంటి సుఖాలకు స్పందించే భాగాలు ఆ సమయంలో చురుకయ్యాయి. భయానికి, ఆందోళనకు ముడిపడిన అమిగ్దలాలో రక్తప్రసరణ తగ్గింది. పదేళ్ల తర్వాత అదే నగరంలో జరిగిన మరో పరిశోధన ఇంకాస్త లోతుకు వెళ్లింది. పాట శిఖరాన్ని అందుకున్నప్పుడే కాక, ఆ ఘట్టం వస్తోందని మనసు ఎదురుచూస్తున్నప్పుడు కూడా మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతోందని తేలింది.

కచేరీలో కూర్చున్న ఎవరికైనా ఇది అనుభవమే. కల్పనస్వరాలు పాడుతూ పాడుతూ గాయకుడు పల్లవి ఎత్తుగడకు దగ్గరవుతుంటే, తాళం వేస్తున్న చేతులు ఆ చోటు కోసం ముందే సిద్ధమవుతాయి. కుంగుబాటు దోచుకునేది ఈ ఎదురుచూపునే. రేపు బాగుంటుందన్న ఆశ, స్నేహితులు వస్తారన్న ఉత్సాహం, ఇష్టమైన కూర మీద మమకారం అన్నీ చప్పబడిపోతాయి. ఆ ఎదురుచూపును ఒక ఆవర్తనం మేరకైనా సంగీతం తిరిగి రుచి చూపించగలదు. అందుకే దీన్ని నేను కాలక్షేపం కింద కొట్టిపారేయను.

అయితే పాట పైకి లాగినట్టే లోపలికీ లాగగలదు. ఫిన్లాండ్‌లోని యువస్కులా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం దీన్నే చూపింది. కోపాన్నో దుఃఖాన్నో వెళ్లగక్కడానికే అలాంటి పాటలు వినే అలవాటున్నవారిలో, ముఖ్యంగా మగవారిలో, ఆందోళన ఎక్కువగా కనిపించింది. భావాలను అదుపు చేసుకోవడంలో పాలుపంచుకునే మెదడు ముందుభాగం ఆ మగవారిలో తక్కువ చురుగ్గా ఉంది. దిగులు నుంచి దృష్టి మళ్లించుకోవడానికి పాటను వాడుకునే స్త్రీలలో అదే భాగం ఎక్కువ చురుగ్గా ఉంది. హాస్టల్ గదిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే విషాదగీతాన్ని రాత్రంతా తిప్పితిప్పి వినే పిల్లవాడి గురించి నేను కంగారుపడేది అందుకే. దుఃఖాన్ని మోసే పాట వేరు, దుఃఖాన్ని తవ్వే పాట వేరు. ఏది ఏదో విన్న తర్వాత మన గుండె బరువే చెబుతుంది.

అలాగని ఏడుస్తున్న పిల్ల ముందు హుషారు పాట పెడితే ఆ పిల్ల ఇంకా ఒంటరిదవుతుంది. 1940లలోనే అమెరికాలో మనోవైద్యుడు ఐరా ఆల్ట్‌షులర్ దీనికి దారి చెప్పారు. ముందు రోగి మనఃస్థితికి సరిపోయే సంగీతంతో మొదలుపెట్టాలి. తర్వాత వేగాన్ని, భావాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవాలి. మన పాఠంలోనూ మొదటి కాలం కుదిరాకే రెండో కాలం. దిగులుగా వచ్చిన పిల్లల చేత నేను మంద్రస్థాయిలో, నెమ్మదిగా, శ్రుతి మీద నిలబడేలా పాడిస్తాను. గొంతు కాస్త తెరుచుకున్నాకే పైషడ్జం వైపు తీసుకెళ్తాను.

వినడం కన్నా పాడటం, వాయించడం ఇంకో మెట్టు పైన ఉంటాయి. ఫిన్లాండ్‌లోనే కుంగుబాటుతో బాధపడుతున్న 79 మందితో జరిగిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. కొందరికి మామూలు చికిత్స, మరికొందరికి దానితో పాటు 20 విడతల సంగీత చికిత్స. రాసిపెట్టిన పాటలేవీ లేవు. థెరపిస్టు, రోగి ఎదురెదురుగా కూర్చుని అప్పటికప్పుడు తోచింది వాయించి, దాని గురించి మాట్లాడుకునేవారు. మూడు నెలలకు సంగీతం తోడైనవారిలో కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా తగ్గాయి. వారి ఈఈజీలో మెదడు ముందు, కణత భాగాల ఆల్ఫా, తీటా తరంగాలు మారాయి. ఆరు నెలలకు మాత్రం రెండు బృందాల మధ్య తేడా పలచబడింది. సాధన ఆగితే గొంతు మళ్లీ బిగుసుకుంటుందని తెలిసిన నాకు అది ఆశ్చర్యం అనిపించలేదు.

ఆ అధ్యయనం చదివినప్పుడు నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి గుర్తొచ్చింది. ఎంత పలకరించినా నోరు విప్పేది కాదు. ఒకరోజు మోహన రాగంలో నాలుగు స్వరాలు పాడి ఆపాను. తర్వాతి నాలుగూ తను పాడింది. అలా చాలాసేపు సాగింది. చివర్లో, "నిద్ర పట్టట్లేదు టీచర్" అంది. నేను సంగీతం నేర్పేదాన్ని, చికిత్స చేసేదాన్ని కాదు. అందుకే వాళ్లమ్మకు ఫోన్ చేసి డాక్టరుకు చూపించమన్నాను. పాట తలుపు తీసింది, వైద్యం డాక్టరు చేశారు. సంగీత చికిత్సపై 2017లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడా మామూలు చికిత్సకు సంగీతాన్ని జోడిస్తే కొద్దికాలం మేలు కనిపిస్తుందనే చెప్పింది. మందులు మానేసి పాటలు వినమని ఎవరైనా చెబితే నమ్మకండి.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ ఉండాలని నిర్దేశించింది. కాలేజీ యాజమాన్యాలకు నాదొక విన్నపం. ఆ కౌన్సెలర్‌ను కాగితం మీద కాకుండా గదిలో కూర్చోబెట్టండి. వారానికి ఒక్క గంట, మార్కులూ పోటీలూ లేకుండా, పిల్లలందరూ కలిసి పాడుకునే వీలు కల్పించండి.

అమ్మానాన్నలకు ఒక మాట. ఏ రాగమని అడగకండి. మీ బిడ్డ ఏం వింటోందో పక్కన కూర్చుని మీరూ వినండి, విన్నాక ఎలా ఉందో అడగండి. దిగులు రెండు వారాలైనా వదలకపోతే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. చచ్చిపోవాలని ఉందన్న మాట వినబడితే ఒక్క గంట కూడా ఆగకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.