మౌస్ ముట్టని పాట

పాట మార్చడానికి చెయ్యి కీబోర్డు వదిలి మౌస్ దాకా పోవడం నాకు గిట్టదు. లినక్స్ వాడేవాళ్లలో చాలామందికి ఉన్న పిచ్చే ఇది. నేను వాడేది సీమస్ (cmus) అనే పాటల ప్లేయర్. ఆల్బమ్ బొమ్మలుండవు, టెర్మినల్లో పేర్లు మాత్రమే కనిపిస్తాయి. ఎక్స్ నొక్కితే పాట మొదలవుతుంది, సి నొక్కితే ఆగుతుంది, బి తర్వాతి పాటకి, జెడ్ ముందు పాటకి. అన్నీ కీబోర్డు అడుగు వరుసలోనే. 1997లో వచ్చిన విన్‌యాంప్ వాడినవాళ్ల వేళ్లకి ఈ వరస కొత్త కాదు.

కంప్యూటర్లో పాట మోగడం వెనక నేనుంటున్న సింగపూర్ చెయ్యి ఉంది. సిమ్ వాంగ్ హూ 1981లో చైనాటౌన్‌లోని పెర్ల్స్ సెంటర్‌లో చిన్న దుకాణంగా మొదలుపెట్టిన క్రియేటివ్, 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చింది. అప్పటిదాకా చాలా పీసీలకి బీప్ అనడమే వచ్చు. లినక్స్‌కి తొలి సౌండ్ డ్రైవర్ రాసిన ఫిన్లాండ్ ప్రోగ్రామర్ హన్ను సావోలైనెన్ మొదలెట్టింది కూడా ఆ కార్డుతోనే. గాయకుడు, ఆల్బమ్, పాట అంటూ మెట్టుమెట్టుగా దిగి వెతికే పద్ధతి మీద క్రియేటివ్‌కి పేటెంటు ఉండేది. ఐపాడ్ దాన్ని వాడుకుందన్న తగువు 2006లో ఆపిల్ 10 కోట్ల డాలర్లు చెల్లించాక గానీ తెమల్లేదు.

సీమస్ తెర కూడా ఆ మెట్ల మీదే నడుస్తుంది. మన సినిమా పాట మాత్రం ఆ మెట్ల మీద కుదురుగా కూర్చోదు. మిస్సమ్మలో ఒక పాట ఏ.ఎం. రాజా పేరు కింద, ఇంకొకటి పి. లీల పేరు కింద చేరి, ఒక్క సినిమా ముక్కలైపోతుంది. అందుకే ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిలో సంగీత దర్శకుడి పేరు రాస్తాను. సీమస్ ట్యాగులు చదువుతుందే గానీ దిద్దదు. ఆ పని ఈజీట్యాగ్‌లో చేసుకోవాలి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాల్సి వస్తోంది, టెర్మినల్లో తెలుగు ఒత్తులు చెదిరిపోతాయి గనక. ఇక ఘంటసాలకి హెచ్ పెట్టాలా వద్దా అన్నది ఒక్కో ఫైలుది ఒక్కో మాట!

పాట రాసినవాడికైతే ఆ మెట్లలో చోటే లేదు. మనకి సగం పాట ఆయనే కదా. కవి పేరు కామెంట్ గడిలో పెట్టాను. ఇప్పుడు ఫిల్టర్‌లో పింగళి అని కొడితే ఘంటసాల కట్టిన పాతాళభైరవి, రాజేశ్వరరావు కట్టిన మిస్సమ్మ ఒకే చోట వస్తాయి. పాటల యాప్‌లు ఇలా వడ్డించగా నేను చూడలేదు. ఆత్రేయ వంతు ఇంకా రాలేదు. ఆ ఫైళ్లలో సగానికి సినిమా పేరే సరిగ్గా లేదు.