భాగం, అంగం, అంశం, ఘటకం: ‘కాంపొనెంట్’ అనువాదంలో అర్థభేదాలు

ఉపోద్ఘాతం

ఇంగ్లీషులోని ‘కాంపొనెంట్’ అనే మాట యంత్రశాల నుంచి ప్రభుత్వ పథకాల నివేదికల వరకు అన్నిచోట్లా వాడుకలో ఉంది. దీని మూలం ‘కలిపి ఉంచు’ అనే అర్థం గల లాటిన్ క్రియ. ఈ మాటకు తెలుగు సమానార్థకాలను వెదికే అనువాదకుడికి భాగం, అంశం, అవయవం, అంగం, ఘటకం, అనుఘటకం, విడిభాగం అనే మాటలు లభిస్తాయి. వీటిని ఒకే వరుసలో పేర్చినంత మాత్రాన ఏ సందర్భానికి ఏది తగునో తేలదు. అందుచేత అత్యధిక సందర్భాలలో ‘భాగం’ అనే మాటే స్థిరపడుతోంది. పత్రికాభాషలో ‘ఇందులో భాగంగా’ అనే పదబంధం దాదాపు అవ్యయంలా మారిపోవడం ఈ ధోరణికి పరాకాష్ఠ. పై మాటలు పర్యాయపదాలుగా చెలామణీ అవుతున్నా, మొత్తానికీ దానిలోని భాగానికీ గల సంబంధాన్ని ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా నిర్వచిస్తుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ భేదాన్ని విస్మరిస్తే శైలితోపాటు భావన కూడా దెబ్బతింటుంది.

అమరకోశంలోని అమరిక

పర్యాయపదాల పరిశీలనకు అమరకోశం మంచి ప్రస్థానబిందువు. పదాలను విషయానుసారంగా వర్గాలలో కూర్చిన గ్రంథం కనుక, ఒక పదం ఏ వర్గంలో చేరిందన్న విషయం సైతం అర్థాన్ని సూచిస్తుంది. అంగం, అవయవం, ప్రతీకం అనేవి మనుష్యవర్గంలో శరీర ప్రస్తావనలో వస్తాయి. అంశం, భాగం, వంటకం అనేవి వైశ్యవర్గంలో, లావాదేవీల నడుమ కనిపిస్తాయి. శకలం, ఖండం అనేవి దిగ్వర్గంలో చంద్రబింబపు కళల ప్రస్తావన వెంట ఉన్నాయి. అంటే ఇంగ్లీషువారు ‘పార్ట్’ అనే ఒక్క మాటతో చెప్పేదాన్ని అమరసింహుడు దేహంలోని అంగంగా, పంపకంలోని వాటాగా, విరిగిన తునకగా మూడు చోట్ల వేరుచేశాడు. ఈ మూడు వరుసలలోనూ ‘ఘటకం’ లేదు. విడివిడిగా ఉన్నవి కలిసి ఒక మొత్తాన్ని ఏర్పరచడం అనే భావన, అంటే ‘కాంపొనెంట్’ మూలార్థం, వీటిలో దేనికీ ప్రధానం కాదు.

భాగం: పంపకపు మాట

భాగం ‘భజ్’ ధాతువు నుంచి పుట్టింది. పంచడం దాని అర్థాలలో ముఖ్యమైనది. ముందు మొత్తం ఉంటుంది. దానిని పంచితే భాగాలు ఏర్పడతాయి. వాటిని కూడితే తిరిగి మొత్తం వస్తుంది. ఆస్తి పంపకం, గణితంలోని భాగహారం రెండూ ఈ సూత్రంపైనే నిలిచాయి. భాగ్యం అనే మాట కూడా ఈ కుటుంబానిదే. ఒకరికి పంపకంలో దక్కినదే వారి అదృష్టంగా అర్థవిస్తరణ పొందింది.

తెలుగు మాట ‘పాలు’ ఇదే దారిలో నడవడం గమనార్హం. పాలుపంచుకోవడం, పాలివారు అనే ప్రయోగాలలో అది వాటా. నేలపాలు, అగ్నిపాలు, నవ్వులపాలు అనే ప్రయోగాలలో అది ప్రాప్తించిన గతి. సంస్కృతంలోనూ తెలుగులోనూ వాటాను తెలిపే మాట విధిని తెలిపే మాటకు దారితీసింది. హక్కు, ప్రాప్తి అనే ఛాయలు గల ఇటువంటి మాటను యంత్రంలోని చక్రానికీ, సిద్ధాంతంలోని పూర్వపక్షానికీ ఒకే తీరున అన్వయించడం దాని బలాన్ని పలుచన చేయడమే అవుతుంది.

అంశం: తరగని మొత్తం

అమరకోశంలో భాగానికి జంటగా ఉన్న అంశం ఆధునిక తెలుగులో దూరంగా జరిగింది. ముఖ్యాంశం, చర్చనీయాంశం వంటి మాటలలో పంపకం ఛాయ లేదు. ఈ మార్పునకు బీజం పురాణ పరిభాషలో కనిపిస్తుంది. ఒక పాత్రను దేవతాంశగా చెప్పినప్పుడు ఆ దేవతలో అంతమేర తరిగిపోయిందని ఎవరూ భావించరు. మొత్తాన్ని తగ్గించకుండా దానిని వ్యక్తం చేసేది అంశం.

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు సదిశల విషయంలో ‘అంశం’ అనే మాటనే గ్రహించడం ఈ దృష్టితో సమంజసం. 5 న్యూటన్ల బలాన్ని పరస్పర లంబదిశలలో విడదీసినప్పుడు 3 న్యూటన్లు, 4 న్యూటన్లు అనే అంశాలు రావచ్చు. వీటిని భాగాలు అంటే విద్యార్థి సహజంగానే కూడి 7 అని చెబుతాడు. భాగాల మొత్తం పూర్ణానికి సమానమనే నియమం ఇక్కడ వర్తించదు. పారిభాషిక పదాన్ని తప్పుగా ఎన్నుకుంటే లెక్క కూడా తప్పగలదనడానికి ఇది స్పష్టమైన నిదర్శనం.

అంగం, అవయవం: లోపిస్తే చెడేవి

అంగం, అవయవం అనేవి దేహం నుంచి శాస్త్రంలోకి వచ్చాయి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం కలిసి పంచాంగం. న్యాయశాస్త్రంలో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలతో పరార్థానుమాన వాక్యం పూర్తవుతుంది. వీటిలో ఒకటి లోపిస్తే మిగిలినది తక్కువ పరిమాణం గల పంచాంగమో, చిన్న అనుమానమో కాదు, వికలమైనది. ఒక్కొక్క అంగానికి నియతమైన పని ఉంటుంది. కనుక ఒక పథకంలోని శిక్షణ, రుణం, పర్యవేక్షణ పరస్పరాశ్రితాలైనప్పుడు వాటిని భాగాలనడం కన్న అంగాలనడం ఉచితం.

ఘటకం, విడిభాగం

ఘటకం అంటే ఘటింపజేసేది, సమకూర్చేది. ఇక్కడ చూపు మొత్తం నుంచి కిందికి కాక, విడివస్తువుల నుంచి మొత్తం వైపునకు సాగుతుంది. ‘కాంపొనెంట్’ మూలార్థానికి ఇదే అత్యంత సన్నిహితం. పొడిగాలి ఘనపరిమాణంలో నైట్రోజన్ సుమారు 78 శాతం. నైట్రోజన్ గాలికి అనుఘటకం. 78 శాతం దాని భాగం. పదార్థాన్ని ఒక మాట, పరిమాణాన్ని మరొక మాట తెలుపుతున్నాయి. రెండింటికీ ఒకే పదం వాడితే ఈ వివక్ష పోతుంది.

విడిభాగం తెలుగు, సంస్కృత పదాలు కలిసిన మిశ్రసమాసం. ‘విడి’ అనే పూర్వపదం అంగడిలో ఉన్న స్థితిని చెబుతుంది. యంత్రంలో బిగించిన తరువాత అది విడి కాదు. కనుక ఇది ‘స్పేర్ పార్టు’కు చక్కని అనువాదమే గాని ‘కాంపొనెంట్’కు సర్వత్రా సరిపోదు.

దేశ్యపదాల సాక్ష్యం

ఇటువంటి సూక్ష్మభేదాలు పండితపరిభాషకే పరిమితమని ఆక్షేపించవచ్చు. వ్యవహారభాష ఆ ఆక్షేపాన్ని నిలవనీయదు. పనసకు తొన, వెల్లుల్లికి రెబ్బ, జడకు పాయ, బెల్లానికి ముక్క. తొన తనకు తానే ఏర్పడిన విభాగం. ముక్క కోస్తేనో కొడితేనో వచ్చేది. ఈ రెండింటినీ తెలుగువారు తారుమారు చేయరు. గ్రంథవిభాగాల పేర్లలోనూ ఈ చూపే ఉంది. పర్వం అంటే కణుపు. స్కంధం అంటే చెట్టు బోదె. భారతంలో పద్దెనిమిది పర్వాలు అన్నప్పుడు పెరుగుతున్న కాండం మనసులో మెదులుతుంది. పద్దెనిమిది భాగాలు అంటే సంపుటాల లెక్క మిగులుతుంది.

ముగింపు

పదాల సరిహద్దులు శాశ్వతం కావని భాగం, అంశం విడిపోయిన తీరే చెబుతుంది. అయినా వర్తమాన వ్యవహారం ఆధారంగా కొన్ని ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు. కూడితే మొత్తం వచ్చేది భాగం. లోపిస్తే మొత్తం వికలమయ్యేది అంగం లేదా అవయవం. మొత్తం కన్న ముందే ఉండి దానిని ఏర్పరచేది ఘటకం. మొత్తాన్ని తరగనీయకుండా విశ్లేషణలో మాత్రమే వేరుపడేది అంశం. ద్విభాషా నిఘంటువులు, పాఠ్యపుస్తక పదసూచికలు ఈ పదాలను వరుసగా పేర్చడంతో సరిపెట్టుకోక, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రయోగవాక్యం చేర్చగలిగితే అనువాదకుడికి ఎంపిక సులభమవుతుంది. విద్యార్థికి 3, 4 అంశాలుగా గల బలం 5 ఎందుకయిందో పదమే కొంత చెబుతుంది.