గీత పలికిన కథ

వయస్సు మీరిన పిదప, 1947 జూలైలో పుట్టిన చందమామ పాత సంచికలను మరల చేతికెత్తుకొన్నపుడు, బాల్యమున కథ వెంట పరుగెత్తుచు నేను గమనింపక దాటిపోయిన చిత్రకారుని పనితనము ఇప్పుడు పుటపుటకును నా చూపును నిలువరించుచున్నది. శంకర్ గారి బేతాళకథల బొమ్మనే చూడుడు: రాజు చేత కరవాలము, భుజమున శవము, చుట్టును శ్మశానము. గీతలు విరళమైన చోట వెన్నెలయు, అవియే దట్టమై అల్లుకొన్న చోట భయము గొలుపు చీకటియు కలుగును. ఒక్క సిరాతోనే ఇంత! రాక్షసుడు కూలిన క్షణమును విడిచి, ఖడ్గము పైకి లేచిన క్షణమునే ఎన్నుకొనుట ఈ విద్యయందలి మర్మమని నాకు తోచును. ఏలయన, తరువాతి పుటను త్రిప్పు చేయి బాలునిది గదా. కథకుడు పేరైనను ఎత్తని చూరును, ఉట్టిని, మూలనున్న రోకలిని సైతము ఎంత శ్రద్ధతో దిద్దుదురో! నిన్న మా మనుమరాలు, ఇంకను అక్షరములు కూడబలుక నేరనిది, ఆ రాజుపై వ్రేలుంచి, చాలసేపు చూచి, మెల్లగా అడిగినది: "తాతయ్యా, ఈయన ఎందుకు మాట్లాడటం లేదు?"