రంగుకు కొలత

ఫోటోలో పిట్ట అందంగా పడటం వేరు, దాని రంగు ఇంత అని లెక్కగట్టడం వేరు. కెమెరా తనంత తానే వెలుగును సరిదిద్దుతుంది, రంగులు ముదురు చేస్తుంది. పెళ్లి ఫోటోకు అది మేలే, కొలతకు మాత్రం చేటు. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు జేపెగ్‌ను నమ్మరు, కెమెరా ఏ మార్పూ చేయని రా ఫైలు తీస్తారు. ఎంత వెలుగును తిప్పి పంపుతుందో ముందే తెలిసిన బూడిదరంగు పలకను జంతువు పక్కనే, అదే వెలుగులో ఉంచుతారు. ఎండైనా మబ్బైనా ఆ పలకే సాక్షి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి మెట్టు. అక్కడ మన కంటిని పక్కనపెట్టి, వేటాడే జీవి కంటితో చూస్తారు. రంగును పట్టే కణాలు మనకు మూడు రకాలు, పక్షుల్లో చాలావాటికి నాలుగు, ముంగిసకు రెండే. జాంబియాలో నేలమీద గుడ్లు పెట్టే నైట్‌జార్, ప్లవర్ పక్షుల గూళ్లను జాలియన్ ట్రోషాంకో అనే పరిశోధకుడి బృందం ఇలాగే ఫోటోలు తీసి, వాటిని వేటాడే జీవుల చూపులతో కొలిచింది. నైట్‌జార్‌లో పొదిగే పక్షి ఈకలు, ప్లవర్‌లో గుడ్లు పరిసరాల్లో ఎంత కలిసిపోతే గూడు అంతగా బతికిందని 2016లో ప్రకటించింది. ఎన్నో ఏళ్లుగా అందరూ నిజమనుకుంటున్న మాటకు ప్రకృతిలోనే దొరికిన రుజువది!

ఇలా కొలవడానికి ట్రోషాంకో, మరో పరిశోధకుడు మార్టిన్ స్టీవెన్స్ కలిసి ఫోటోలను విశ్లేషించే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ కోసం 2015లో అందించిన పనిముట్టు ఉచితం. జంతుశాస్త్రం చదివే మన పిల్లలు సీతాకోకచిలుకలతోనైనా మొదలుపెట్టాలి. పలక మాత్రం మరవకండి.